ఏడుగురు దిగిన ఆట

ఇలా రండి, అందరూ కాస్త ఇటు జరగండి. వెనకున్నవాళ్ళు ముందుకొస్తే నా గొంతు చిరగకుండా ఉంటుంది. ఆ మూల గుసగుసలాడే అత్తాకోడళ్ళు ఇప్పటికి రాజీ పడండి, పోట్లాట ఎక్కడికీ పోదు, కథ అయ్యాక అందుకోవచ్చు. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. ఇది గాలి మామయ్య కథ. ఆ గొంతు సంగతి చెప్పేటప్పుడు ఇంకో గొంతు లేవకూడదు.

ఆ గొంతు ఎలాంటిదంటే, రేడియోలో ‘రేపు వాన’ అంటే చాలు, ఆరేసిన బట్టలు వాటంతటవే తీగ దిగి ఇంట్లోకి వచ్చేవి. పిల్లల కార్యక్రమం చివర ‘ఇక పడుకోండర్రా’ అంటే పిల్లలతో పాటు ఊరి కాపలావాళ్ళు కూడా గురక పెట్టేవారు. దానివల్ల ఊళ్ళో రెండు దొంగతనాలు జరిగాయని పోలీసులు రేడియో స్టేషనుకొచ్చి, కొంచెం మెల్లగా చెప్పమని బతిమాలుకుని పోయారు. గాలిలో వచ్చే మామయ్య కాబట్టి ఆ పిల్లలే గాలి మామయ్య అని పేరు పెట్టారు. వాళ్ళకి మీసాలొచ్చినా, ఆ మీసాలు నెరిసినా ఆ పేరు మాత్రం నెరవలేదు. ఆయన బజారు ధరలు చదివాడు. బంతాటలు చెప్పాడు. టెలివిజన్ వచ్చాక పటం ముందు కర్ర పట్టుకుని మబ్బుల్ని ఇటునుంచి అటు తోలాడు. ఆ తర్వాత కోటు తొడిగి వార్తలకి కూర్చోబెట్టారు. ఒకరోజు మంత్రిగారి ప్రసంగం మధ్యలో కట్టుడు పళ్ళు జారి ఈల వేశాయి. ఆ ఈలకి ఊళ్ళో కుక్కలన్నీ స్టేషను ముందు బారులు తీరాయంటారు. కుక్కల మాట ఎలా ఉన్నా, మర్నాడే ఆయన్ని మళ్ళీ రేడియోకి దింపేశారు. చివరికి ఆయన చేతిలో మిగిలినవి రెండే: మధ్యాహ్నం చావు కబుర్లు, ఆదివారం బంతాట.

శుక్రవారం పొద్దున ఆయన చావు కబుర్ల గదిలో కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. గదంటే గది కాదు, మెట్ల కింద మిగిలిన జాగాకి తలుపు బిగించారు. ఆదమరిచి నిటారుగా లేస్తే మెట్టు నెత్తిన మొట్టేది. చావు కబురు మూడు వాక్యాలు దాటకూడదు. ఎవరు పోయారు, ఎవరికి ఏమవుతారు, అంత్యక్రియలెక్కడ. డాక్టరు దగ్గర్నుంచో, పనిచేసిన చోటు నుంచో కాగితం ఉండాలి. కాగితం చూసి, మాటలు కత్తిరించి, ఊపిరి తీసుకోవాల్సిన చోట్ల నిలువు గీతలు పెట్టుకుని చదవాలి. ఆయన చదివే వేళకి కుట్టుమిషన్లు ఆగేవి, మంగలి కత్తి గాల్లో ఆగేది, సగం గడ్డంతో జనం చెవులు రిక్కించేవారు. ఆయన నోట రానిదే మనిషి పోయినట్టు కాదని ఊరి లెక్క.

ఎదురుగా తోళ్ళ వ్యాపారి నిలబడ్డాడు.

"మా నాన్న అజాతశత్రువు అని ఒక ముక్క వెయ్యి మామయ్యా."

"మీ నాన్న అన్నదమ్ములందర్నీ కోర్టుకి లాగాడు కదయ్యా."

"పోయినాయన్ని ఇప్పుడు తవ్వుతావా?"

"తవ్వకూడదనే వద్దంటున్నాను. అజాతశత్రువు అన్నానంటే ఊరంతా నవ్వుతుంది. నవ్వించడానికి నాకు వేరే కార్యక్రమం ఉండేది, అది తీసేశారు."

తోళ్ళ వ్యాపారి గొణుక్కుంటూ పక్కకి తప్పుకున్నాడు. అతని వెనక గాలి మామయ్య సొంత అక్క నిలబడి ఉంది. గుమ్మం దాటాలంటే రెండుసార్లు తల దువ్వుకునే మనిషి, జుట్టు నిండా తెల్లటి దుమ్ముతో వచ్చింది. చేతిలో బావ క్యారియరు ఉంది. మూత తీసిన గుర్తు లేదు.

"కాగితం లేదురా తమ్ముడూ," అంది.

"ఎవరు?"

"మీ బావ."

ఆయన లేవబోయాడు. మెట్టు నెత్తికి తగిలింది. తడుముకోకుండా తలుపు మూసి, ఉన్న ఒక్క కుర్చీలో అక్కని కూర్చోబెట్టాడు.

బావ గాజు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నిన్న రెండో షిఫ్టులో పెద్ద కొలిమి కింద పొగ పోయే సొరంగంలోకి ఏడుగుర్ని దించారని అక్క చెప్పింది. మసి గీకడానికట. సొరంగం కప్పు బీటలిచ్చిందని బావ వారం నుంచీ ఇంట్లో గొణుగుతున్నాడు. తను క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి లోపల దభీమని చప్పుడైంది, గేటు సందుల్లోంచి దుమ్ము పొగలా వచ్చింది. కాసేపటికి మేనేజరు బయటికొచ్చి, ఆ ఏడుగురూ అసలు పనిలోకే రాలేదన్నాడు.

"బతికున్నారా అక్కా?"

"రాత్రి గోడకి చెవి ఆనించి విన్నాను. పైపు మీద ఎవరో కొడుతున్నారు. తెల్లారాక కొట్టలేదు."

క్యారియరు పిడిని బొటనవేలితో రుద్దుతూ ఉంది. ఆ చప్పుడు కిర్రు కిర్రుమని గదంతా వినిపిస్తోంది.

"కింద గుల్లగా ఉందని సిమెంటు పోసి పూడ్చేస్తారట. లారీలొచ్చి నిలబడ్డాయి. మేం ఆడవాళ్ళం గేటుకడ్డంగా కూర్చున్నాం. మా మీంచి తోలలేరు కదా. కానీ ఎంతసేపని కూర్చుంటాం? నిద్ర ముంచుకొస్తోంది. నువ్వు చదివావంటే ఊరు లేస్తుంది. ఊరు లేస్తే తవ్వక తప్పదు. కనీసం శవమైనా ఇస్తారు."

ఆయన స్టేషను డైరెక్టరు గదికి వెళ్ళాడు. ఆ గదిలో గాజు కానిది డైరెక్టరు ఒక్కడే. బల్ల మీద పలక గాజు, నీళ్ళ జగ్గు గాజు, కాగితాల మీద బరువు గాజు, గోడకున్న పెద్ద అద్దం కూడా ఫ్యాక్టరీవాళ్ళ కానుకే. గంటకోసారి రేడియోలో వచ్చే ‘మా సీసా జారినా పగలదు’ పాట కూడా వాళ్ళదే. ఆ పాట ఆగితే స్టేషన్లో పంకాలు ఆగుతాయని అందరికీ తెలుసు.

"కాగితం ఉందా మామయ్యా?"

"లేదండి. మా అక్క చూసింది."

"అక్క చెబితే చదివేస్తామా? రేపు ఇంకొకామె వచ్చి మా ఆయన పోయాడు చదవండి అంటుంది. ఆయనేమో రెండో పెళ్ళాం ఇంట్లో హాయిగా కాఫీ తాగుతుంటాడు."

"అన్నం తినకుండా ఆరుబయట కూర్చున్నారండి వాళ్ళు."

డైరెక్టరు నీళ్ళ జగ్గు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "నీ సంగతి ఆలోచిస్తున్నాం. కొత్త పళ్ళు కట్టించుకో. సాయంత్రం వార్తలకి మళ్ళీ నిన్నే కూర్చోబెడదామని పైనుంచి మాటొచ్చింది. ఇలాంటప్పుడు నోటికి కాస్త తాళం వేసుకోవాలి."

ఆయన తల దించాడు. పలక గాజులో తన మొహం తలకిందులుగా కనిపిస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆయన సరేననకపోవడం డైరెక్టరుకి నచ్చలేదేమో, ఆ మధ్యాహ్నం నుంచే చావు కబుర్లు ముందుగా టేపు మీద చదివించి, తను విన్నాకే గాలిలోకి వదలమన్నాడు. తోళ్ళ వ్యాపారి తండ్రి కబురు ఊరంతా విన్నది. బావ కబురు మెట్ల కిందే ఉండిపోయింది.

శనివారం డ్యూటీ కాగానే ఆయన ఫ్యాక్టరీ గేటుకి పోయాడు. ఆడవాళ్ళు గేటు పొడుగునా చాపలు పరిచి కూర్చున్నారు. ఎదురుగా మూడు సిమెంటు లారీలు. వాటి కడుపులు గడగడా తిరుగుతూనే ఉన్నాయి, ఆపితే గట్టిపడుతుందట. డ్రైవర్లు తలలు దించుకుని బీడీలు కాలుస్తున్నారు. కవలల తల్లి ఒక కొడుకు చొక్కా ఒళ్ళో, ఇంకో కొడుకు చొక్కా భుజాన వేసుకుని కూర్చుంది. ఏది ఎవరిదో ఆమెకి తప్ప లోకంలో ఎవరికీ తెలీదు.

మేనేజరు ఆ పొద్దున కొత్త మాట చెప్పిపోయాడు. ఏడుగురూ ఫ్యాక్టరీ జట్టు వెంట బంతాట చూడ్డానికి పొరుగూరు పోయారట. రేపు సాయంత్రం జట్టు బస్సులోనే తిరిగొస్తారట. అక్క ఆ మాట చెప్పి చాప అంచు పీకింది. నమ్మలేదు. కానీ పక్కన కూర్చున్న కొత్త పెళ్ళికూతురు మోకాళ్ళ మీద లేచింది. పెళ్ళయి నెల తిరగని పిల్ల.

"మావయ్యగారూ, రేపు ఆట చెప్పడానికి మీరు అక్కడికే వెళ్తారు కదా. జనంలో ఆయన కనిపిస్తే ఒక్కమాట చెప్పరూ? చొక్కా నీలంది. పొడుగ్గా ఉంటారు, తెలిసిపోతుంది."

అసలు సంగతి స్టేషను నాలుగు గోడలకి తప్ప బయట ఎవరికీ తెలీదు. పొరుగూరి మైదానానికి ఆయన ఒక్కసారి కూడా పోలేదు. అక్కడ ఒక మనిషి ఫోను పట్టుకుని ‘ఎడమ పక్క’, ‘త్రో’, ‘గోలు’ అని పొడి మాటలు చెబుతాడు. ఈయన స్టూడియోలో కూర్చుని ఆ ఎముకలకి మాంసం, చర్మం, వెంట్రుకలు అన్నీ అంటిస్తాడు. ఆట ఉన్న ఆదివారం ఈయన ఊళ్ళో ఎవరి కంటా పడకూడదు. తెల్లారకముందే స్టూడియోలో దూరి, సాయంత్రం బస్సొచ్చే వేళకి బూట్లకి మట్టి పులుముకుని, బస్టాండు వెనకనుంచి వచ్చి జనంలో కలిసిపోవాలి. ప్రతిసారీ అక్కకి పొరుగూరి సబ్బు తెచ్చేవాడు. ఆ ఊరి సబ్బు నురగే వేరని అక్క ఇరుగుపొరుగుకి చెప్పేది. ఆ సబ్బు స్టేషను వెనక కొట్లోది.

"చూస్తానమ్మా," అన్నాడు.

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. "నువ్వు చూసి చెబితే నమ్ముతాం," అంది. "నువ్వొక్కడివి చెబితే."

ఆదివారం స్టూడియోలో ఇద్దరే ఉన్నారు. ఈయన, చప్పుళ్ళాయన. చప్పుళ్ళాయనకి చెవులు సగమే పనిచేసేవి, కానీ చేతులకి చెవులుండేవి. తోలు సంచీలో పాత బూట్లు కుక్కి గుద్దితే బంతిని తన్నినట్టుండేది. జనం అరుపులకి ఒక పాత రికార్డు ఉండేది. అందులో ఒకడు గట్టిగా దగ్గుతాడు. రికార్డు తిరిగినప్పుడల్లా దగ్గుతాడు. ఏ ఊళ్ళో ఆటైనా అదే దగ్గు. ‘పాపం, ఆరోగ్యం బాలేకపోయినా ఒక్క ఆట వదలడు’ అని ఊరంతా ఆ దగ్గు మనిషిని మెచ్చుకునేది. ఒకావిడ ఆయనకిమ్మని స్టేషనుకి కషాయం కూడా పంపింది. చప్పుళ్ళాయనే తాగాడు.

మాట గాలిలోకి పోతోందని చెప్పే ఎర్ర దీపం తలుపు మీద వెలుగుతోంది. మీటలన్నీ అద్దం అవతలి గదిలో ఉంటాయి. ఆ అద్దానికి లోపలి నుంచి తెర వేసి ఉంది, అవతల ఎవరున్నారో కనపడదు.

మొదటి సగం ఎప్పటిలాగే నడిచింది. ఎడమ చెవికి ఫోను, ఎదురుగా మైకు. రెండో సగం మొదలైన కాసేపటికి ఆయన రిసీవరు చెవి నుంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. అవతలి మనిషి గొంతు అందులో ఈగలా గీపెడుతూనే ఉంది. చప్పుళ్ళాయన తోలు సంచీ మీద పిడికిలి ఆపి, కనుబొమలు ఎగరేశాడు. ఈయన చూడలేదు.

"శ్రోతలారా, ఇక్కడొక వింత జరుగుతోంది," అన్నాడు. "గాజు జట్టు ఒకేసారి ఏడుగుర్ని మారుస్తోంది. గోలు దగ్గరికి ముసలి మేస్త్రీ వస్తున్నాడు. ఆయనకి అరవై దాటాయి, అయినా గోలు నిండిపోయాడు. కుడి పక్క కుంటి వెల్డరు. గాలికన్నా ముందు పరిగెత్తుతున్నాడు. మధ్యలో ఒంటికన్ను బొగ్గాయన, ఆ ఒక్క కంటితోనే మైదానమంతా చూస్తున్నాడు. కవలలిద్దరూ దిగారు, రిఫరీకి ఒకడే ఇద్దరుగా కనిపించేసరికి కళ్ళు నులుముకుంటున్నాడు. నీలం చొక్కా కొత్త పెళ్ళికొడుకు దిగాడు. చివరగా మా ఫిట్టరు బావ. బావ చేతిలో రెంచి ఇంకా అలాగే ఉంది."

ఆయన లెక్క ఏమిటంటే, ఇది ఏ తింగరోడూ నమ్మడు. అరవై ఏళ్ళ మేస్త్రీ గోలు కాయడమేమిటి, కుంటివాడు పరిగెత్తడమేమిటి అని ఊరు చేతిలో పని ఆపుతుంది. అప్పుడు అసలు మాట చెప్పాలి. కానీ ఇన్నేళ్ళూ ఊరికి తను నేర్పింది చెవులప్పగించడమేనని ఆయనకి తట్టలేదు.

"ఇప్పుడు నేల కుంగుతోంది," అన్నాడు. గొంతు తగ్గించాడు. "వాళ్ళ కాళ్ళ కింద మైదానం కుంగుతోంది. ఇది మైదానం కాదు శ్రోతలారా. గాజు ఫ్యాక్టరీ పెద్ద కొలిమి కింద సొరంగం. గురువారం కప్పు కూలింది. ఏడుగురూ దాని కిందే ఉన్నారు."

చప్పుళ్ళాయన రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు. జనం అరుపులు, ఆ దగ్గు, అన్నీ ఒక్కసారి ఆగాయి. గదిలో రిసీవరు ఈగ ఒక్కటే మిగిలింది.

"ఎవరో పైపు మీద కొట్టారు. మా అక్క విన్నది. ఇప్పుడు కొట్టడం లేదు. లారీలు గేటు ముందున్నాయి, పూడ్చేస్తారు. పని వదిలి గేటు దగ్గరికి రండి. ఈ ఆటలో రిఫరీ లేడు. మీరే రండి."

మైకు మూతికి చెయ్యడ్డం పెట్టి వెనక్కి వాలాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చప్పుళ్ళాయన తోలు సంచీని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి వీధిలో పరుగులు వినిపించాయి. ఒకరు కాదు, గుంపులు గుంపులు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంత మంది పరుగెత్తుతుంటే ఇక గేటేం నిలుస్తుంది అనుకున్నాడు.

క్యాంటీను ఆవిడ టీ పట్టుకుని మొహమంతా నవ్వుతో వచ్చింది.

"నోట్లో చక్కెర పోయాలి మామయ్యా నీకు. ఏడుగురూ బతికే ఉన్నారంటగా. ఫోనులో చెప్పారా?"

"ఏమిటీ?"

"ఏడుగురూ దిగి ఆడుతున్నారని చెప్పావు కదా. గేటు దగ్గర ఆడవాళ్ళంతా లేచి బస్టాండుకి పరుగో పరుగు. మీ అక్క అందరికన్నా ముందు. ఊళ్ళో వాళ్ళూ వెనకే పోతున్నారు, జట్టుకి ఎదురెళ్ళడానికి."

"తర్వాత చెప్పింది వినలేదా? నేల కుంగిందని, సొరంగమని?"

"కుంగడమేంటి? మీ బావ రెంచితో దిగాడన్నావు, అంతే, సీసా పాట వచ్చింది. ఆ పాట అయ్యాక మళ్ళీ సీసా పాటే వచ్చింది. ఇప్పటికీ అదే వస్తోంది."

ఆయన అద్దం మీది తెర లాగాడు. అవతల డైరెక్టరు మీటల ముందు కూర్చుని ఉన్నాడు. తలుపు మీద ఎర్ర దీపం మాత్రం బుద్ధిగా వెలుగుతోంది, ఇద్దరి మధ్యా దానికేం పట్టనట్టు.

"గేటు దగ్గర ఎవరున్నారు?" అని అడిగాడు క్యాంటీను ఆవిణ్ణి.

"ఎవరూ లేరు. నేను పాలకి అటు పోయి వచ్చేటప్పుడు ఒక లారీ లోపలికి పోతోంది."

డైరెక్టరు గుమ్మంలోకి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఎక్కడికి మామయ్యా? ఆట రోజు నువ్వు ఊళ్ళో లేవు. గుర్తుందా?"

"జరగండి."

"వీధిలో కనిపించావంటే ఇన్నేళ్ళ ఆటలన్నీ పోతాయి. నీ ఒక్కడి పరువే కాదు. రేపు వరదొస్తోంది పారిపొండి అని ఈ స్టేషను చెప్పినా ఎవడూ కాలు కదపడు. ఆ పాపం ఎవరిది?"

ఆయనకి అది నిజమే అనిపించింది. ఆ అనిపించడంతోనే డైరెక్టరు చెయ్యి కిందనుంచి వంగి బయటపడ్డాడు. అలవాటు చొప్పున చప్పుళ్ళాయన మట్టి డబ్బా పట్టుకుని బూట్లకి పులమడానికి వెనకే వచ్చాడు. ఈయన ఆగకుండా పోతుంటే డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

బస్టాండులో ఇసుక వేస్తే రాలేట్టు లేదు. పిల్లలు డబ్బాలు వాయిస్తున్నారు, మంగలి దుకాణం మూసి వచ్చాడు, తోళ్ళ వ్యాపారి తండ్రి చావు మరిచిపోయి జెండా ఊపుతున్నాడు. ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. కొత్త పెళ్ళికూతురు తల దువ్వుకుంది. అక్క క్యారియరు కడిగి, వేడి అన్నం పెట్టుకొచ్చింది. భుజాన బావ పొడి చొక్కా ఉంది. ఆమె మొహం మీద నవ్వు లేదు, కానీ ఊపిరి ఉంది, మూడు రోజుల్లో మొదటిసారి.

ఆయన బజారు వైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు.

మొదట మంగలి చూశాడు. "అదేంటి, బస్సు రాకుండానే మామయ్య వచ్చాడే," అన్నాడు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. పాకిన చోటల్లా డబ్బాలు ఆగాయి. జనం పాయగా విడిపోయారు.

అక్క ఆయన బూట్లు చూసింది. నల్లగా, తుడిచినట్టు ఉన్నాయి.

"ఎలా వచ్చావురా?"

"నడిచొచ్చాను అక్కా."

"అక్కణ్ణుంచా?"

"స్టేషన్నుంచి."

"పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నావా?"

"ప్రతిసారీ అక్కడే."

అక్క మళ్ళీ ఆ బూట్లే చూసింది. "మరి సబ్బు?" అంది.

"వెనక కొట్లోది."

అక్క క్యారియరు నేల మీద పెట్టింది. పడకుండా సరిచేసి మరీ పెట్టింది. కొత్త పెళ్ళికూతురు ఆయన చొక్కా పట్టుకుంది. "చూస్తానన్నారు కదా. నీలం చొక్కా అని మీరే చెప్పారు కదా ఇందాక."

"నువ్వు చెప్పిందే నేను చెప్పానమ్మా. నేను చూడలేదు. వాళ్ళు కొలిమి కిందే ఉన్నారు. లారీ లోపలికి పోయింది."

ఆడవాళ్ళు ఇంకేం వినలేదు. వచ్చిన దానికి రెట్టింపు పరుగున గేటు వైపు పోయారు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. మిగతా ఊరు మాత్రం ఆయన చుట్టూ మూగింది.

"అయితే ఆ దగ్గే మనిషి?" అన్నాడు మంగలి.

"రికార్డు."

ఏడుగురు కొలిమి కింద ఉన్నారంటే కదలని జనం, దగ్గు మనిషి లేడనేసరికి కదిలారు. మా నాన్న పోయే ముందు ఆదివారం నీ గోలు విని నవ్వాడు, అది కూడా అబద్ధమేనా అని తోళ్ళ వ్యాపారి మీదికొచ్చాడు. ఎవరి చెయ్యో చెంప మీద పడింది. కట్టుడు పళ్ళు ఎగిరి దుమ్ములో పడ్డాయి. ఆయన వంగి తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా పిడికిట్లో ఉంచుకున్నాడు. ‘కొలిమి కింద’ అని మళ్ళీ అన్నాడు. పళ్ళు లేని నోట్లోంచి ఆ గొంతు గాలిగా వచ్చింది. మబ్బుల్ని తోలిన గొంతని ఎవరూ అనుకోరు.

"ఇదీ అబద్ధమే అయ్యుంటుంది," అన్నాడు తోళ్ళ వ్యాపారి. "పదండి చూద్దాం. అక్కడెవరూ లేకపోతే ఈ ముసలాణ్ణి ఆ గుంతలోనే వేసి పూడుద్దాం."

అలా ఊరు లేచింది. ఏడుగురి కోసం కాదు, ఆయన్ని ఇంకోసారి అబద్ధాలకోరని తేల్చడానికి లేచింది. అన్ని వందల మంది ఒక్కసారి మీదికొచ్చేసరికి కాపలావాడు తాళం తీసి, ఆ తాళం కూడా వదిలేసి పారిపోయాడు. మేనేజరు కారు వెనక గేటు నుంచి పోయింది. లోపలికి పోయిన లారీ సొరంగం నోట్లో కడుపు ఖాళీ చేసేసింది. ఆడవాళ్ళు గేటు కిందనుంచి దూరి, అప్పటికే మోచేతుల దాకా ఆ తడి సిమెంటులో ఉన్నారు. కాసేపు మగవాళ్ళు అలా చూస్తూ నిలబడ్డారు. తర్వాత మంగలి చొక్కా విప్పాడు. పారలున్నవాళ్ళు పారలతో, లేనివాళ్ళు రేకు ముక్కలతో తవ్వారు. ఆయనకి మాత్రం ఎవరూ పార ఇవ్వలేదు. చేత్తో తవ్వబోతే పక్కవాళ్ళు భుజంతో తోసేశారు.

పొద్దు వాలుతుండగా ముసలి మేస్త్రీ శవం బయటపడింది. చేతిలో ఇనప ముక్క అలాగే ఉంది, పైపు మీద కొట్టింది ఆయనే. తర్వాత వెల్డరు, బొగ్గాయన. కవలల్ని విడదీయడం కుదరక ఇద్దర్నీ ఒకే రేకు మీద తెచ్చారు. తల్లి ఇద్దరి మీదా రెండు చొక్కాలూ కప్పింది, ఎవరిది ఎవరికో సరిగ్గా చూసుకుని. నీలం చొక్కా నీలంగా లేదు. ఆఖరున బావ. అక్క పొడి చొక్కాతో బావ మొహం మీది సిమెంటు తుడిచింది. కంటి మూలల్లో గోటితో తీసింది. చెవుల వెనక తుడిచింది. అది అయ్యాక లేచి, గోడవారన నిలబడ్డ తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు కాగితం ఇస్తారులే," అంది. "రేపు చావు కబురు ఇంకెవరి చేతైనా చదివించు. నువ్వు చదివితే ఎవరూ నమ్మరు."

ఆయన తలూపాడు. పిడికిలి విప్పి పళ్ళ వంక చూసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు మళ్ళీ మూశాడు. ఆరు రేకుల మీద ఏడుగురూ వరసగా ఉన్నారు, వాళ్ళ పక్కన ఊరు నిలబడి ఉంది.

తవ్వకం మొదలైనప్పటి నుంచీ గోడెక్కి కూర్చుని, పార పట్టకుండా అన్నీ చూసిన ఒక పెద్దమనిషి వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మళ్ళీ విప్పి ఇంకోసారి లెక్కపెట్టి, కిందున్న మంగలిని అడిగాడు: "అంతా బాగానే ఉంది గానీ, జట్టుకి పదకొండుమంది కదయ్యా. ఇక్కడ తేలింది ఏడుగురే. మరి ఆ మిగతా నలుగురూ అక్కడ ఇంకా ఆడుతూనే ఉన్నట్టా?"